లారీ మీద సింహం, దాని వెనక ఒక బావ-బావమరిది పంచాయితీ

  మైకు ముందు కూర్చుంటే నాకు టైము తెలియదు, సగం విషయాలు చెప్పకుండానే అయిపోయింది. ఎపిసోడ్‌లో మాట్లాడింది కింద ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎలాగూ ఉంది, అది చదువుకోండి. ఇక్కడ మాత్రం కుదురుగా, మొదటి నుంచి రాస్తున్నాను. నేను రచయితని కాదు, ఐటీఐ సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి ఇరవై ఏళ్లుగా గల్ఫ్‌లో సైట్ల మీద ఉన్నవాణ్ణి. తప్పులుంటే క్షమించండి.

మా సైట్‌కి టిప్పర్లు వస్తాయి కదా, వాటిలో మ్యాన్ కంపెనీ బండ్లు చాలా ఉంటాయి. ముందు గ్రిల్ మీద చిన్న సింహం బొమ్మ ఉంటుంది. ఏళ్ల తరబడి చూస్తున్నా, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఒకరోజు బ్యాచింగ్ ప్లాంట్ ఆగిపోయి కాంక్రీట్ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చుని ఫోన్‌లో వెతికాను, ఈ సింహం ఎక్కడిదని. అసలు అది మ్యాన్ వాళ్లది కాదు. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్లో బ్యూసింగ్ అని ఒక లారీల కంపెనీ ఉండేది. దాన్ని 1971లో మ్యాన్ కొనేసింది, బండ్లతో పాటు సింహాన్నీ తీసుకుంది. బ్యూసింగ్ వాళ్లకి ఆ సింహం ఎక్కడి నుంచి వచ్చిందంటే, వాళ్ల ఊరి నడిబొడ్డున కోట ముందు నిలబెట్టిన కంచు సింహం నుంచి. ఆ కంచు సింహాన్ని 1166 ప్రాంతంలో పోత పోయించినవాడు హెన్రీ. జర్మన్‌లో హైన్రిష్. బిరుదు "సింహం". ఈ కథ ఆయనదే.

ముందే ఒక హెచ్చరిక. ఈ కుటుంబంలో తండ్రి పేరు హెన్రీ, కొడుకు పేరు హెన్రీ, మారు తండ్రి పేరు హెన్రీ, మామగారి పేరు హెన్రీ, ఆఖరికి శత్రువు కొడుకు పేరు కూడా హెన్రీయే. అందుకే వరసలు పెట్టి చెప్తాను, మనకి అది అలవాటే.

మన హెన్రీ 1130 ప్రాంతంలో పుట్టాడు. వెల్ఫ్ వంశం. తండ్రి బవేరియా, సాక్సనీ అనే రెండు పెద్ద రాజ్యాలకి డ్యూక్. ఆ కాలపు సాక్సనీ అంటే ఇప్పటి మ్యాపులో ఉన్న సాక్సనీ కాదు, ఉత్తర జర్మనీలో హానోవర్, బ్రౌన్‌ష్వైగ్ ఉన్న వైపు. తల్లి గెర్‌ట్రూడ్, లోథార్ చక్రవర్తికి ఒక్కగానొక్క కూతురు. తాత పోయాక అల్లుడే రాజవుతాడని అందరూ అనుకున్నారు. కానీ 1138లో పెద్దలు హోహెన్‌స్టౌఫెన్ వంశం వాడైన కాన్రాడ్‌ని ఎన్నుకున్నారు. అవును, ఎన్నుకున్నారు. అక్కడ రాజు కొడుకే రాజు అన్న లెక్క గట్టిగా లేదు, పెద్ద ప్రభువులు కలిసి ఒప్పుకోవాలి. కొత్త రాజు వచ్చీ రాగానే హెన్రీ తండ్రి దగ్గర రెండు డ్యూక్ పదవులూ లాగేశాడు. మరుసటి సంవత్సరం తండ్రి చనిపోయాడు. పిల్లాడికి పదేళ్లు కూడా నిండాయో లేదో.

సాక్సనీ ఆ పిల్లాడి చెయ్యి దాటకుండా కాపాడింది అమ్మమ్మ, రిషెంజా. చక్రవర్తి భార్యగా బతికిన మనిషి, ముసలితనంలో మనవడి కోసం సాక్సనీ ప్రభువులందరినీ కూడగట్టింది. ఆమె 1141లో పోయింది. 1142లో రాజు దిగివచ్చి సాక్సనీ పిల్లాడికి ఇచ్చాడు. కానీ దానికో మెలిక ఉంది. హెన్రీ తల్లి గెర్‌ట్రూడ్ రెండో పెళ్లి చేసుకోవాలి, అదీ ఆస్ట్రియా వైపు హెన్రీని. ఆ మారు తండ్రికి బవేరియా దక్కింది. 1143లో ఆమె కాన్పులో చనిపోయింది. అంటే పద్నాలుగు దాటకుండానే తండ్రి లేడు, అమ్మమ్మ లేదు, తల్లి లేదు, సగం ఆస్తి మారు తండ్రి చేతిలో. ఈ మనిషి తర్వాత ఎందుకంత మొండిగా, ఆస్తి దగ్గర అంత కరకుగా తయారయ్యాడో నాకు ఇక్కడే అర్థమైంది.

ఇప్పుడు బావ వస్తాడు. హెన్రీ మేనత్త జూడిత్‌ని హోహెన్‌స్టౌఫెన్ వాళ్లింట్లోనే ఇచ్చారు. ఆమె కొడుకు ఫ్రెడరిక్, ఎర్రగడ్డం ఉండేది కాబట్టి బార్బరోసా అన్నారు. మేనత్త కొడుకు, వయసులో పెద్ద, అంటే మన లెక్కలో అచ్చంగా బావ. 1152లో కాన్రాడ్ పోయాక ఈ ఫ్రెడరిక్‌ని రాజుగా ఎన్నుకోవడానికి ఒక పెద్ద కారణం కూడా ఈ చుట్టరికమే. తండ్రి ఒక వంశం, తల్లి ఇంకో వంశం, ఇతనైతే రెండిళ్ల గొడవ తీరుస్తాడని. తీర్చాడు కూడా, మొదట్లో. 1156లో బవేరియా హెన్రీకి తిరిగొచ్చింది. మారు తండ్రిని ఊరికే పంపలేదు, ఆస్ట్రియాని విడదీసి ప్రత్యేక డ్యూక్ రాజ్యంగా చేసి ఆయన చేతిలో పెట్టారు. ఆస్ట్రియా అనే దేశం చరిత్రలో అదొక పెద్ద మెట్టు. ఒక ఇంటి పంపకం వల్ల వచ్చింది.

బావ కోసం హెన్రీ కూడా తక్కువ చెయ్యలేదు. 1155లో రోమ్‌లో ఫ్రెడరిక్ చక్రవర్తి కిరీటం పెట్టుకున్న రోజే ఊరివాళ్లు తిరగబడితే, ముందుండి కొట్లాడినవాళ్లలో హెన్రీ ఒకడు. ఇద్దరూ ఇరవై ఏళ్లు ఒకరి తప్పులు ఒకరు కడుపులో దాచుకున్నారు.

ఆ తప్పుల్లో మన సైటువాళ్లకి నచ్చేది ఒకటి ఉంది, వంతెన కథ. ఆల్ప్స్ కొండల దగ్గర రైషెన్‌హాల్ వైపు నుంచి ఉప్పు బండ్లు ఆగ్స్‌బర్గ్ వైపు పోయేవి. దారిలో ఈజర్ నది. ఫ్యోరింగ్ దగ్గర వంతెన, దాని పక్కన సంత, నాణేలు కొట్టే టంకశాల, అన్నీ ఫ్రైజింగ్ బిషప్ ఒట్టోవి. ఆ రోజుల్లో వంతెన అంటే మన దుబాయ్‌లో సాలిక్ గేటు లాంటిది, దాటితే డబ్బు పడుతుంది. తేడా ఏమిటంటే ఆ బండికి వేరే దారి లేదు. హెన్రీ ఏం చేశాడంటే, ఆ వంతెనని పడగొట్టించి, కొంచెం పైన తన భూమిలో కొత్త వంతెన కట్టించాడు. ఉప్పు బండ్లన్నీ ఇటు తిరిగాయి. బిషప్ ఊరుకుంటాడా? ఆయనేం మామూలు మనిషి కాదు, ఫ్రెడరిక్‌కి చిన్నాన్న వరస, పైగా హెన్రీ మారు తండ్రికి సొంత తమ్ముడు. పంచాయితీ ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ముందుకి వెళ్లింది. 1158 జూన్ 14న తీర్పు: సంత, వంతెన కొత్త చోటే ఉంటాయి, వచ్చే సుంకంలో, టంకశాల ఆదాయంలో మూడో వంతు బిషప్‌కి ఇవ్వాలి. ఆ కొత్త చోటి పేరు మ్యూనిషెన్. ఇవాళ్టి మ్యూనిక్ నగరం. ఇప్పటికీ జూన్ 14నే వాళ్ల ఊరి పుట్టినరోజు.

ల్యూబెక్‌లోనూ అదే తీరు. ఆ రేవు పట్టణాన్ని కట్టింది హోల్‌స్టైన్ కౌంట్ అడాల్ఫ్. దాని వల్ల తన బార్డోవిక్ సంత దెబ్బతింటోందని హెన్రీ అక్కడ వ్యాపారం ఆపించాడు. తన ల్యూనెబర్గ్ ఉప్పుకి పోటీ రాకుండా అడాల్ఫ్‌కి చెందిన ఉప్పు ఊటల్ని పాడుచేయించాడు. 1157లో ల్యూబెక్ తగలబడింది. పక్కనే తన బిరుదు పెట్టి "సింహ నగరం" అని ఇంకో ఊరు కట్టబోతే అక్కడికి పెద్ద ఓడలు రాలేకపోయాయి. చివరికి అడాల్ఫ్ తన జాగా వదులుకున్నాడు, 1159లో హెన్రీ ల్యూబెక్‌ని మళ్లీ కట్టించాడు. తర్వాత అది బాల్టిక్ సముద్రం వ్యాపారానికే తలకాయ అయింది. మంచి పని చేశాడా అంటే చేశాడు. ఎవరి కడుపు కొట్టి చేశాడో కూడా చూడాలి. సింహం బొమ్మ నిలబెట్టే నాటికి సాక్సనీలో ఆయనకి స్నేహితుల కంటే శత్రువులే ఎక్కువ.

ఆ బొమ్మ గురించి ఒక్క మాట. మైనం కరిగించి బోలుగా పోత పోసే పద్ధతి, సుమారు 880 కిలోల కంచు. ఆల్ప్స్ కొండలకి ఉత్తరాన మధ్యయుగం నుంచి మిగిలిన పెద్ద నిలువు విగ్రహాల్లో ఇదే మొట్టమొదటిది అంటారు. మా దగ్గర ఒక స్లాబ్ పోయడానికే ఎన్ని తిప్పలు పడతామో తెలిసినవాణ్ణి కాబట్టి, ఆ మూస చల్లారేదాకా వాళ్లు ఎంత ఊపిరి బిగబట్టి ఉంటారో అనుకున్నాను.

ఇంటి సంగతికి వద్దాం. మొదటి భార్య క్లెమెంటియా, త్సేరింగెన్ వంశం. వాళ్లకో మగపిల్లాడు పుట్టి పసితనంలోనే పోయాడు. వారసుడు లేడు. 1162లో దగ్గరి రక్తసంబంధం అనే కారణం చూపించి ఆ పెళ్లి రద్దు చేశారు. పద్నాలుగేళ్ల కాపురం తర్వాత గుర్తొచ్చిన రక్తసంబంధం! ఆమె పుట్టింటివాళ్లు అప్పటికి ఫ్రెడరిక్‌కి గిట్టనివాళ్లు, అది కూడా లెక్కలో ఉంది. క్లెమెంటియా తర్వాత సవోయ్ కౌంట్‌ని పెళ్లాడింది. కూతురు గెర్‌ట్రూడ్ మొదటి భర్త పోయాక డెన్మార్క్ రాజు ఆరో క్నూట్‌కి భార్య అయింది.

రెండో పెళ్లి 1168లో మిండెన్‌లో. పెళ్లికూతురు మటిల్డా, ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ కూతురు, రిచర్డ్ లయన్‌హార్ట్‌కి సొంత అక్క. ఆమెకి అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. ఆయనకి దగ్గర దగ్గర నలభై. అప్పటి రాజుల ఇళ్లలో మామూలే అంటారు, నాకైతే ఇద్దరు ఆడపిల్లలున్నారు, ఆ లైను చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. నాలుగేళ్లకి, 1172లో, ఆయన జెరూసలేం యాత్రకి పోయాడు, ఆమె గర్భవతిగా బ్రౌన్‌ష్వైగ్‌లో ఉండిపోయింది. సంవత్సరం పట్టింది రావడానికి. వచ్చాక 1173లో కోట పక్కనే సెయింట్ బ్లాసియస్ పెద్ద గుడి మొదలుపెట్టాడు. ఆ దంపతులు హెల్మార్స్‌హౌసెన్ మఠంలో రాయించిన సువార్తల పుస్తకం ఒకటుంది, 1983లో లండన్ వేలంలో 81 లక్షల 40 వేల పౌండ్లకి పోయింది. అప్పటికి అంత ధర పలికిన పుస్తకం లేదు. అందులో ఒక బొమ్మలో ఆకాశం నుంచి చేతులు వచ్చి ఇద్దరికీ కిరీటాలు పెడుతుంటాయి. వెనక ఆయన తల్లిదండ్రులు, తాత చక్రవర్తి, అమ్మమ్మ రిషెంజా. ఆమె వెనక ఇంగ్లండ్ రాజు. మా ఊళ్లో పెళ్లి ఫ్లెక్సీ మీద రెండు వైపులా పెద్దల ఫోటోలు వేస్తారే, అలాగే.

ఇక అసలు సంగతి. 1176 మొదట్లో ఫ్రెడరిక్ ఇటలీలో ఇరుక్కున్నాడు. లొంబార్డీ నగరాలు ఏకమై ఎదురు తిరిగాయి, సైన్యం చాలదు. ఆల్ప్స్ కింద కియావెన్నా అనే చోట బావమరిదిని కలిసి సాయం అడిగాడు. చక్రవర్తి మోకాళ్ల మీద పడి అడిగాడని తర్వాతి వాళ్లు రాశారు, కళ్లారా చూసినవాళ్లు రాసింది కాదు. హెన్రీ దానికి బదులు గొస్లార్ అడిగాడు. ఆ ఊరి పక్కన రామెల్స్‌బర్గ్ వెండి గనులున్నాయి. ఫ్రెడరిక్ ఇవ్వనన్నాడు. హెన్రీ వెనక్కి వచ్చేశాడు. మే 29న లెన్యానో దగ్గర ఫ్రెడరిక్ చిత్తుగా ఓడాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, ఎపిసోడ్‌లో చెప్పలేకపోయాను. నన్ను గల్ఫ్‌కి తెచ్చింది మా మేనత్త కొడుకే. వీసా, టికెట్, మొదటి రెండు నెలల రూము, అన్నీ ఆయనే. పన్నెండేళ్ల తర్వాత ఆయన చిన్న సప్లై పని దెబ్బతిని, జీతాలివ్వడానికి నన్ను డబ్బు అడిగాడు. నా దగ్గర ఉంది. "ఇస్తాను బావా, రోడ్డు పక్కన పది గుంటలు నా పేరు మీద రాయి" అన్నాను. అప్పుడు అది తప్పనిపించలేదు, లెక్క లెక్కే అనుకున్నాను. ఆయన సరే అనలేదు, వద్దు అనలేదు, టీ తాగి వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు. ఆ పది గుంటలు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉన్నాయి. గొస్లార్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

హెన్రీ ఆ రోజు వెళ్లి తీరాలన్న చట్టం గట్టిగా లేదని చాలామంది చరిత్రకారులు అంటారు. నిజమే కావచ్చు. ఫ్రెడరిక్ కూడా "సాయం చెయ్యలేదు" అని నేరుగా శిక్ష వెయ్యలేదు. ఆయన చేసింది ఒక్కటే, ఇరవై ఏళ్లు అడ్డం పెట్టిన చెయ్యి తీసేశాడు. సాక్సనీలో హెన్రీ మీద ఫిర్యాదులు ఉన్నవాళ్లంతా, బిషప్పులు, కౌంట్లు, ఒక్కసారిగా పంచాయితీకి వచ్చారు. హాజరు కమ్మని సమన్లు వెళ్లాయి. హెన్రీ పోలేదు. మళ్లీ పంపారు, మళ్లీ పోలేదు. 1180 జనవరిలో వ్యూర్త్స్‌బర్గ్‌లో రెండు డ్యూక్ పదవులూ పోయాయి. ఏప్రిల్‌లో గెల్న్‌హౌసెన్‌లో సాక్సనీని రెండు ముక్కలు చేశారు, పడమటి ముక్క కొలోన్ ఆర్చిబిషప్‌కి, తూర్పు ముక్క అన్‌హాల్ట్ బెర్న్‌హార్డ్‌కి. బవేరియా విట్టెల్స్‌బాఖ్ వంశం ఒట్టోకి పోయింది. ఆ వంశం 1918 దాకా బవేరియాని ఏలింది. అంటే ఒక్క పంచాయితీతో ఏడు వందల ముప్పై ఎనిమిదేళ్లు.

ఇంత పోయినా అంతా ఎందుకు పోలేదు అని ఒక శ్రోత అడిగారు, మంచి ప్రశ్న. డ్యూక్ పదవి అంటే మన జాగీరు లాంటిది. రాజు ఇచ్చాడు, రాజు తీసుకోగలడు. సొంత పట్టా భూమి వేరు, అది వంశానిది. 1181 నవంబరులో ఎర్‌ఫుర్ట్‌లో హెన్రీ వచ్చి బావ కాళ్ల మీద పడ్డాడు, ఈసారి ఈయన వంతు. పట్టా భూములు మిగిల్చారు, ముఖ్యంగా బ్రౌన్‌ష్వైగ్, ల్యూనెబర్గ్. మీరు గమనించండి, బ్రౌన్‌ష్వైగ్ వచ్చింది అమ్మమ్మ రిషెంజా వైపు నుంచి. ల్యూనెబర్గ్ వచ్చింది నానమ్మ వుల్ఫ్‌హిల్డ్ వైపు నుంచి. మగవాళ్లు కొట్లాడి తెచ్చిన పదవులు పోయాయి, ఇద్దరు ముసలమ్మల ఆస్తి నిలిచింది.

శిక్షలో ఇంకో భాగం దేశబహిష్కారం. 1182లో భార్యాపిల్లలతో మామగారి దగ్గరికి పోయాడు, మొదట నార్మండీ, తర్వాత ఇంగ్లండ్. ఆఖరి కొడుకు విలియం 1184లో వించెస్టర్‌లో పుట్టాడు. 1185లో తిరిగొచ్చినా చిన్న కొడుకులు ఒట్టో, విలియం తాత దగ్గరే ఉండిపోయారు. జర్మన్ ప్రభువు బిడ్డలు ఇంగ్లండ్ రాజు కొలువులో పెరిగారు. మన పిల్లలు ఇక్కడ పెరిగి సెలవులకి ఊరెళ్లి చుట్టంలా కూర్చుంటారే, వాళ్లకీ అలాగే ఉండి ఉంటుంది.

ఫ్రెడరిక్ క్రూసేడ్‌కి బయలుదేరే ముందు, వెనక ఈయన లేస్తాడని భయపడి మూడు దారులు చూపించాడు: నా ఖర్చుతో నాతో రా, లేదా పోయినవాటి మీద ఆశ వదులుకుని కొంచెంతో సరిపెట్టుకో, లేదా మళ్లీ మూడేళ్లు దేశం వదులు. హెన్రీ మూడోది తీసుకున్నాడు. 1189లో మళ్లీ ఇంగ్లండ్. ఈసారి మటిల్డా ఆస్తి చూసుకోవడానికి బ్రౌన్‌ష్వైగ్‌లోనే ఆగింది. ఆ వేసవిలో ఆమె పోయింది. ముప్పై మూడేళ్లు. ఆయన సముద్రం అవతల ఉన్నాడు. ఇక్కడ ఉన్న మనలో ఎవరికైనా ఈ ముక్క విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ సంవత్సరమే మాట తప్పి తిరిగొచ్చాడు, బార్డోవిక్‌ని నేలమట్టం చేశాడు. ఒకప్పుడు ఆ ఊరి సంత కోసమే ల్యూబెక్‌ని ఇబ్బంది పెట్టినవాడు! మరుసటి ఏడు, 1190లో, ఫ్రెడరిక్ ఇప్పటి టర్కీలో సాలెఫ్ నదిలో మునిగి చనిపోయాడు. బావ-బావమరిది మళ్లీ మొహాలు చూసుకోలేదు.

తర్వాత పగ కొడుకుల చేతికి వచ్చింది. ఫ్రెడరిక్ కొడుకు ఆరో హెన్రీ చక్రవర్తి. సంధికి పూచీగా మన హెన్రీ ఇద్దరు కొడుకుల్ని తాకట్టు పెట్టాడు. వాళ్లలో లోథార్ ఆ ఏడే ఆగ్స్‌బర్గ్‌లో పోయాడు. పెద్దవాడు, వీడూ హెన్రీయే, 1191లో నేపుల్స్ ముట్టడి నుంచి పారిపోయాడు. ఆస్ట్రియాలో పట్టుబడిన మేనమామ రిచర్డ్‌ని విడిపించడానికి ఒట్టో, విలియం కూడా తాకట్టుకి వెళ్లారు.

ముడి విప్పింది యుద్ధం కాదు, ఒక తల్లీకూతుళ్లు. ఫ్రెడరిక్ సవతి తమ్ముడు కాన్రాడ్, రైన్ నది ఒడ్డున పెద్ద ప్రభువు. ఆయన కూతురు ఆగ్నెస్. ఫ్రాన్స్ రాజుకి ఇస్తామని మాటలు నడుస్తుంటే, తండ్రి ఊళ్లో లేనప్పుడు తల్లి ఇర్మెన్‌గార్డ్ పారిపోయి వచ్చిన ఆ వెల్ఫ్ కుర్రాణ్ణి బాఖరాఖ్ పైన ఉన్న స్టాలెక్ కోటకి పిలిపించి రహస్యంగా పెళ్లి జరిపించింది. చక్రవర్తి మండిపడ్డాడు. కానీ పెళ్లి అయిపోయింది, అదీ తన బాబాయి కూతురితో. 1194 మార్చిలో టిల్లెడాలో ముసలి హెన్రీతో రాజీ కుదిరింది. చక్రవర్తిని కలవడానికి వెళ్లే దారిలో ముసలాయన గుర్రం మీద నుంచి పడి కాలికి దెబ్బ తగిలించుకున్నాడు కూడా. 1195 ఆగస్టు 6న బ్రౌన్‌ష్వైగ్‌లో పోయాడు. తను మొదలుపెట్టిన గుడిలోనే మటిల్డా పక్కన సమాధి. 1935లో నాజీలు ఆ సమాధి తవ్వించి, గుడిని తమ ప్రచారానికి వాడుకున్నారు.

కొడుకుల్లో ఒట్టో 1209లో చక్రవర్తి అయ్యాడు, 1214లో బువీన్ యుద్ధంలో ఓడాడు, పిల్లలు లేరు. పెద్దవాడికి కొడుకు బతకలేదు. వంశం నిలిచింది వించెస్టర్‌లో పుట్టిన ఆ ఆఖరివాడి మీద. విలియం కొడుకు ఒట్టోకి 1235లో ఫ్రెడరిక్ మనవడే బ్రౌన్‌ష్వైగ్-ల్యూనెబర్గ్ డ్యూక్ పదవి ఇచ్చాడు. ఆ శాఖలోని వాడే 1714లో ఇంగ్లండ్ రాజైన మొదటి జార్జ్, అందులోని ఆడపడుచే విక్టోరియా రాణి. మా నానమ్మ పెట్టెలో ఆమె బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒకటుండేది.

ఎవరైనా జర్మనీ వెళ్తే గుర్తుంచుకోండి, బ్రౌన్‌ష్వైగ్ కోట ముందు బయట ఉన్న సింహం నకలు. అసలుది ఎండకీ వానకీ పాడవుతోందని లోపల, డాంక్‌వార్డెరోడ్ కోట మ్యూజియంలో పెట్టారు. వచ్చే ఎపిసోడ్‌లో ఆ ఒట్టో సంగతి, బువీన్ యుద్ధం చెప్తాను. ప్రశ్నలుంటే వాయిస్ మెసేజ్ పంపండి, శుక్రవారం సెలవు రోజు కూర్చుని అన్నీ వింటాను.